ఒక మూగ సినిమా – మన హోదాలు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. "డి.ఏ. బకాయిల గురించి తప్ప దేని గురించైనా మాట్లాడండి, వాటి మీద మాట్లాడేవారు ఇంకా నలుగురున్నారు" అని షరతు పెట్టారు. ఆ షరతుకు లోబడి ఈ హాల్లో బహుశా ఎవరూ చూసి ఉండని ఒక సినిమా గురించి చెబుతాను. ఇది అమెరికా సినిమా. మూగ సినిమా. వయసులో మనందరికంటే పెద్దది. పేరు 'మై బెస్ట్ గర్ల్'. 1927లో వచ్చింది. పేదింటి పిల్లకూ కలవారి కుర్రవాడికీ మధ్య నడిచిన ప్రేమకథ. కడుపుబ్బ నవ్విస్తుంది, నవ్విస్తూనే కొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఆ ప్రశ్నలకు మన సంఘంతో కూడా పని ఉంది కనుకనే దీన్ని ఎంచుకున్నాను. ఆ సంగతి చివర చెబుతాను.

ముందుగా ఈ సినిమా నా కంట ఎలా పడిందో రెండు మాటలు. 2019లో నేనూ మా ఆవిడా కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాం. అక్కడికి వెళ్లివచ్చిన వారికి తెలుసు. ఉదయం పిల్లలు ఆఫీసులకూ మనవలు బడికీ వెళ్లిపోయాక ముసలివాళ్లిద్దరం గోడలు చూస్తూ కూర్చోవాలి. నడిచే దూరంలో ఊరి గ్రంథాలయం ఉండేది. ఇక్కడ రిటైరైన గుమాస్తాకు ఎంత గౌరవం దక్కుతుందో మీకు తెలుసు, అక్కడ మాత్రం కార్డు చూపిస్తే ఒకేసారి పది సినిమా డిస్కులు ఇచ్చేవారు. ఆ పదింటిలో ఇదొకటి. "మాటలుండవుట" అని చెప్పాను మా ఆవిడతో. "మంచిదే కదండీ, ఉంటే మాత్రం నాకేం అర్థమవుతుంది?" అంది. మధ్యమధ్య తెర మీద పడే ఇంగ్లీషు అక్షరాలను నేను తెలుగులో చదివి చెప్పేవాణ్ణి. మన దేశంలో మూగ సినిమాల కాలంలో హాల్లో ఇలా అక్షరాలు చదివి వినిపించే మనిషి ఒకడుండేవాడట. ఆ ఉద్యోగం నాకు తొంభై ఏళ్లు ఆలస్యంగా దొరికింది. అయితే సగం సినిమా అయ్యేసరికి మా ఆవిడ నన్ను చదవద్దంది. తనకంతా తెలిసిపోతోందట.

ఆ కాలాన్ని కాస్త గుర్తు చేస్తాను. 1927 అక్టోబరు 6న న్యూయార్కులో 'ది జాజ్ సింగర్' విడుదలై సినిమాకు నోరొచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాలకే మన సినిమా విడుదలైంది. అంటే అందరూ మాట్లాడే బొమ్మల కోసం ఎగబడబోతున్న సమయంలో మూగవాళ్లు చెప్పిన చివరి మంచి కథల్లో ఇదొకటి. మన దగ్గర చూస్తే, రఘుపతి వెంకయ్య గారి కుమారుడు ప్రకాశ్ గారు మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసి అప్పటికి ఆరేళ్లయింది. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' రావడానికి ఇంకా అయిదేళ్ల వ్యవధి ఉంది. మన దేశపు హాళ్లలో ఆడే బొమ్మల్లో ఎక్కువ భాగం అమెరికావే. ఇది బాగా లేదని బ్రిటిష్ వారికి అనిపించి 1927లోనే మద్రాసు న్యాయవాది టి. రంగాచారి గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. కమిటీ వేశారు, నివేదిక వచ్చింది. తర్వాత ఏమై ఉంటుందో సర్కారు కొలువు చేసిన మీకు నేను చెప్పనక్కర్లేదు.

సినిమాకు మూలం కాథ్లీన్ నారిస్ అనే రచయిత్రి కథ. దర్శకుడు శామ్ టేలర్. హెరాల్డ్ లాయిడ్ హాస్యచిత్రాలకు పని చేసి చేయి తిరిగినవాడు. కథానాయిక మేరీ పిక్‌ఫర్డ్. ఈవిడ గురించి తర్వాత చెబుతాను. నాయకుడు చార్లెస్ రోజర్స్, అందరూ 'బడ్డీ' రోజర్స్ అనేవారు. కెమెరా చార్లెస్ రోషర్. ఆస్కార్ బహుమతులు మొదలుపెట్టిన తొలి ఏడాదే మరొకరితో కలిసి 'సన్‌రైజ్' అనే చిత్రానికి ఛాయాగ్రహణ బహుమతి పుచ్చుకున్నవాడు.

ఇక కథ. ఒక పెద్ద ఊళ్లో మెరిల్ వారి దుకాణం. ఏ వస్తువైనా అయిదు సెంట్లు, పది సెంట్లకు అమ్మే రకం. మన తిరునాళ్లలో "ఏది తీసుకున్నా పది రూపాయలే" అని అరుస్తారు చూడండి, ఆ వ్యాపారాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి వందల ఊళ్లకు విస్తరిస్తే ఎలా ఉంటుందో అలాంటిది. అమెరికాలో దీనికి దారి చూపినవాడు ఫ్రాంక్ వూల్‌వర్త్. 1879లో పెన్సిల్వేనియాలో చిన్న దుకాణంతో నిలదొక్కుకుని, 1913కల్లా న్యూయార్కులో ఆనాటికి ప్రపంచంలోనే ఎత్తయిన మేడ కట్టాడు. పైసా పైసా పేర్చి కట్టిన మేడ అన్నమాట. ఆ పైసలు కౌంటర్ల వెనక నిలబడిన ఆడపిల్లల చేతుల మీదుగానే వచ్చాయి. సరుకంతా ధర చీటీలతో బల్లల మీద పరిచి ఉంటుంది, బేరమాడే పని లేదు. బేరం లేదు కనుక నేర్పుగల అమ్మకందారు అక్కర్లేదు. నేర్పు అక్కర్లేదు కనుక తక్కువ జీతానికి పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చాలు. చవక సరుకు వెనక చవక జీతం ఉంటుందన్న లెక్క ఇది.

అలాంటి దుకాణంలో సరుకు గదిలో పనిచేసే పిల్ల మ్యాగీ జాన్సన్. కౌంటరు మీద నిలబడే పిల్లల కంటే ఒక మెట్టు కింద. మన భాషలో చెప్పాలంటే రికార్డు రూము ఉద్యోగం. దుమ్ము ఆమెది, దర్జా ఇంకొకరిది. తెర మీదకు వచ్చేటప్పుడే గిన్నెలూ మూకుళ్లూ చేతుల నిండా పేర్చుకుని వస్తుంది. ఒకటి జారుతుంది, దాన్ని పట్టబోతే రెండోది జారుతుంది. హాస్యమే గానీ, రెండు చేతులా ఫైళ్లు పట్టుకుని సెక్షను తలుపు మోకాలితో నెట్టినవాళ్లెవరికైనా ఆ పిల్ల వెంటనే సొంత మనిషైపోతుంది.

అక్కడికి జో గ్రాంట్ అనే కుర్రవాడు కొత్తగా పనిలో చేరతాడు. నిజానికి అతడు యజమాని మెరిల్ గారి ఒక్కగానొక్క కొడుకు. పేరు మార్చుకుని వచ్చాడు. తండ్రి పేరు వాడుకోకుండా సొంత కష్టంతో పైకి వచ్చి చూపించాలన్నది ఒప్పందం. ఆ తర్వాతే సంపన్నుల ఇంటి పిల్లతో నిశ్చితార్థం ప్రకటిస్తారు. ఈ రహస్యం మ్యాగీకి తెలియదు. ఏమీ చేతకాని ఈ కొత్త కుర్రవాడికి పని నేర్పే బాధ్యత ఆమెదవుతుంది. పెట్టె ఎలా విప్పాలి, సరుకు ఎలా సర్దాలి, ఎవరి కంట పడకూడదు అన్నీ నేర్పుతుంది. మన ఆఫీసుల్లో డైరెక్టుగా పై పోస్టులో దిగిన కుర్రవాళ్లకు నోట్ ఫైలు రాయడం నేర్పిన సీనియర్ అసిస్టెంట్లు ఈ హాల్లో కనీసం ముప్ఫై మంది ఉంటారు. నేర్పినవాడు ఎక్కడ రిటైరయ్యాడో, నేర్చుకున్నవాడు ఎక్కడ రిటైరయ్యాడో అందరికీ తెలిసిందే.

ప్రేమ ఎలా పుడుతుందో చూపించిన తీరు ఎంతో ముచ్చటగా ఉంటుంది. సాయంత్రం మ్యాగీ సరుకు బండి వెనక చెక్క మీద కూర్చుని ఇంటికి పోతూ ఉంటుంది. కుర్రవాడు రోడ్డు మీద కనిపిస్తాడు. తన చేతిలోది పొరపాటున పడిపోయినట్టు కింద పడేస్తుంది. అతడు తీసి పరుగెత్తుకొచ్చి ఇస్తాడు. మళ్లీ పడేస్తుంది. మళ్లీ పరుగు. చివరికి అతడు బండి మీదకు ఎక్కక తప్పదు. ఇది చూసి మా ఆవిడ "ఈ పిల్లకు బుర్ర ఉంది" అంది. తర్వాత మధ్యాహ్న భోజనం. సరుకు గదిలో ఒక పెద్ద చెక్కపెట్టె లోపల ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని తింటారు. బయట యజమాని కొడుకు, లోపల కూలిపిల్ల అన్న తేడా ఆ పెట్టెలోకి రాలేదు. ఇంకొకసారి వాన. నడివీధిలో, బండ్ల మధ్య, తడిసి ముద్దవుతూ ఇద్దరూ కబుర్లాడుకుంటూ నడుస్తారు. వాన పడుతోందన్న స్పృహ ఇద్దరికీ లేదు. ఒక్క మాట వినపడదు. కానీ ఏం మాట్లాడుకుంటున్నారో చూసేవాళ్లందరికీ తెలుస్తుంది.

మ్యాగీ ఇల్లు చూడండి. తండ్రి ఉత్తరాలు పంచే పోస్టుమాన్. మెత్తని మనిషి, ఇంట్లో ఆయన మాట చెల్లదు. తల్లికి ఎక్కడెక్కడి చావులకో వెళ్లి ఏడ్చి రావడం ఒక వ్యాపకం. చెల్లి ఎవడో పనికిమాలిన వాడి వెంట తిరిగి తలనొప్పులు తెస్తుంది. సంపాదన, వంట, చెల్లి చిక్కులు విప్పడం అంతా మ్యాగీ నెత్తినే. ఇలాంటి ఇల్లు ఏ దేశంలోనైనా వీధికి ఒకటి ఉంటుంది. అందరూ ఆధారపడే ఒక ఆడపిల్ల, ఆ పిల్లకు పెళ్లి చేయాలన్న ఆలోచన ఎవరికీ రాని ఇల్లు. ఒక చిన్న విశేషం చెబుతాను. తండ్రి వేషం వేసిన లూసియన్ లిటిల్‌ఫీల్డ్ 1895లో పుట్టాడు. కూతురి వేషం వేసిన మేరీ పిక్‌ఫర్డ్ 1892లో పుట్టింది. కూతురి కంటే తండ్రి మూడేళ్లు చిన్నవాడు! చూస్తున్నంతసేపూ ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు కథలో గడ్డు ఘట్టం. జో ఒక రోజు మ్యాగీని తన సొంత మేడకే భోజనానికి తీసుకెళతాడు. మెరిల్ గారు తమ ఉద్యోగులందరినీ సొంతవాళ్లలా చూస్తారనీ, ఎవరైనా వచ్చి భోంచేయవచ్చనీ నమ్మిస్తాడు. మ్యాగీ భయంభయంగా కూర్చుని, నెమ్మదిగా ధైర్యం తెచ్చుకుని, కాసేపు ఆ ఇంటి యజమానురాలిలా నటిస్తుంది. నవ్వు ఆగదు. సరిగ్గా అప్పుడే అసలు యజమానులు వచ్చేస్తారు, వెంట కాబోయే కోడలు కూడా. జో ఎవరో తేలిపోతుంది. అంతవరకూ ఆటగా ఉన్న కుర్చీ, ఆటగా ఉన్న పళ్లెం, అన్నీ ఒక్క క్షణంలో పరాయివైపోతాయి. పిక్‌ఫర్డ్ మొహంలో ఆ మార్పు చూడాలి. నవ్వు పూర్తిగా ఆరదు, ఏడుపు పూర్తిగా రాదు. నేను అక్కడ బొమ్మ ఆపి కాసేపు కూర్చున్నాను. ఆఫీసరు గారింటికి ఫైలు పట్టుకెళ్లి, వరండాలో కుర్చీ చూపించాక కూర్చోవాలా వద్దా అని నిలబడిన రోజులు మనకు తెలియనివి కావు.

తర్వాత మెరిల్ గారు మ్యాగీ ఇంటికే వస్తాడు. చెడ్డవాడు కాడు. తన కొడుకు బాగు తాను చూసుకునే మామూలు తండ్రి. కొడుకును వదిలేయమని చెక్కు ఇవ్వజూపుతాడు. అప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందో చూడండి. డబ్బు మీద ఆశ లేదు. కానీ తన వల్ల కుర్రవాడు చెడిపోతాడేమో, తాను వెళితే ఇల్లు ఏమవుతుందో అన్న భయం ఉంది. అందుకని తాను డబ్బు కోసమే అతడి వెంట పడ్డానని నాటకం ఆడుతుంది. పెదాలకు రంగు పులుముకుని, గంతులేసి, తనలాంటి గడుసుది లేదని నమ్మించబోతుంది. చేతకాదు. మధ్యలో ఏడ్చేస్తుంది. జోకు అర్థమైపోతుంది. సినిమా మొత్తంలో ఇంత హాస్యమూ, ఇంత దుఃఖమూ ఒకేచోట కలిసింది ఇక్కడే.

ఆ ముడిని ఎవరు విప్పారు? కథానాయకుడు కాదు, కోటీశ్వరుడు కాదు. ఇంతసేపూ నోరెత్తని పోస్టుమాన్ తండ్రి! ఇక ఈ ఇంటి భారం నాది, నువ్వు వెళ్లమ్మా అని నిలబడతాడు. ఆ ఒక్క మాటతో కూతురు విడుదలైంది. మెరిల్ గారు కూడా ఈ పిల్ల విలువ గ్రహిస్తాడు. పరుగుపరుగున రేవుకు చేరి ఇద్దరూ ఓడ ఎక్కుతారు. కథ సుఖాంతం. మా ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఆ తండ్రి ఆ మాట మొదటే అని ఉంటే సగం సినిమా మిగిలేది" అంది.

ఇక మేరీ పిక్‌ఫర్డ్. అసలు పేరు గ్లాడిస్ స్మిత్. కెనడాలోని టొరంటోలో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి, చెల్లి, తమ్ముడు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి నాటకాల్లో నటించి ఇల్లు నిలబెట్టింది. 1909లో గ్రిఫిత్ అనే దర్శకుడి దగ్గరకు వెళ్లినప్పుడు అతడు రోజుకు 5 డాలర్లు ఇస్తానంటే, ఆ పదిహేడేళ్ల పిల్ల 10 డాలర్లు అడిగి తీసుకుందని చెబుతారు. 1916కల్లా వారానికి 10,000 డాలర్లూ, లాభాల్లో వాటా కూడా ఒప్పందం రాయించుకుంది. 1919లో చాప్లిన్, ఫెయిర్‌బ్యాంక్స్, గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పెట్టింది. అంటే ఈ సినిమాలో ఉప్పూకారం లేని జీతానికి గిన్నెలు మోసే మ్యాగీ, బయట నిజానికి మెరిల్ గారే! సినిమాలో పెట్టుబడీ ఆమెదే, శ్రమా ఆమెదే. కానీ పేదరికాన్ని ఆమె పుస్తకాల్లో చదివి నటించలేదు. ఇల్లంతా ఒక పిల్ల సంపాదన మీద నడవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అందుకే ఆ నటనలో అబద్ధం కనిపించదు.

ఇది ఆమె చివరి మూగ చిత్రం. తర్వాత ప్రఖ్యాతి గాంచిన తన ఉంగరాల జుట్టు 1928లో కత్తిరించుకుంది. 'కొకెట్' అనే టాకీకి ఆస్కార్ తెచ్చుకుంది. 1933 తర్వాత మళ్లీ తెర మీద నటించలేదు. ఈ చిత్రం తీసేనాటికి ఆమె డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ భార్య. ఆ వివాహం 1936లో రద్దయింది. 1937లో తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైన బడ్డీ రోజర్స్‌నే పెళ్లాడింది. చెక్కపెట్టెలో కూర్చుని భోంచేసిన ఆ ఇద్దరూ 1979లో ఆమె పోయేవరకూ నలభై రెండేళ్లు కాపురం చేశారు. కథల్లో ఓడ ఎక్కాక ఏమైందో ఎవరూ చెప్పరు. ఇక్కడ మనకు తెలిసింది.

మిత్రులారా, ఇదంతా వింటుంటే మీకు మన సినిమా ఒకటి గుర్తొచ్చి ఉండాలి. అవును, 'గుండమ్మ కథ'. 1962. రామారావు గారు కలవారి బిడ్డ అయి ఉండీ అంజిగా నిక్కర్లేసుకుని గుండమ్మ ఇంట్లో పనివాడుగా చేరడం, నాగేశ్వరరావు గారు సరోజను పెళ్లాడాక బీదవాడుగా నటించి తోట పనిలో పెట్టడం మనకు కంఠతా వచ్చు. నాకప్పుడు పదమూడేళ్లు. మా పక్క ఊళ్లో టూరింగు టాకీసు. నేల మీద ఇసుక కుప్ప చేసుకుని, దాని మీద కూర్చుని చూశాను. వెనక బెంచీ, దాని వెనక కుర్చీ. కరణం గారి అబ్బాయి నా తరగతివాడే, కుర్చీలో కూర్చున్నాడు. సూర్యకాంతం గారు నోరు విప్పినప్పుడు నేలా, బెంచీ, కుర్చీ ఒకేసారి నవ్వాయి. ఆట వదిలాక ఎవరి దారి వారిది. సినిమా హాలు మనకు నేర్పింది కూడా అదే. నవ్వు అందరిదీ, సీటు ఎవరిది వారిదే.

ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా ఉంది. మన సినిమాలో మారువేషం వేసింది ఎదుటివారికి బుద్ధి చెప్పడానికి. గుండమ్మ గయ్యాళితనం, సరోజ గర్వం దిగిపోవాలి. అమెరికా సినిమాలో పేదపిల్లకు నేర్పవలసింది ఏమీ లేదు. ఆమెకు పని వచ్చు, మర్యాద తెలుసు, ప్రేమించడమూ తెలుసు. నేర్చుకోవలసినవాడు మారువేషం వేసినవాడే. పేరు వదిలేస్తే తాను ఎంతటివాడో అతడికి తెలియాలి. తెలిసింది. మన సినిమా గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అరవై ఏళ్లు దాటినా అది ఇంటిల్లిపాదికీ విందే. కానీ కలవారూ లేనివారూ అనగానే పాఠం ఎప్పుడూ కిందివాడికేనా అన్న ప్రశ్న ఈ మూగ సినిమా వేసింది.

ఇందులో లోపం లేదా అంటే ఉంది. చివరకు ఒక్క మ్యాగీ కోటీశ్వరుడి కోడలైంది. కౌంటరు వెనక మిగిలిన పిల్లల మాటేమిటి? దానికి జవాబు సినిమాలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. ఈ చిత్రం వచ్చిన పదేళ్లకు, 1937 ఫిబ్రవరి 27న డెట్రాయిట్ నగరంలో వూల్‌వర్త్ వారి దుకాణంలో నూటికి పైగా ఆడపిల్లలు పని ఆపి, బయటకు పోకుండా దుకాణంలోనే కూర్చున్నారు. రాత్రిళ్లు అక్కడే పడుకున్నారు. ఏడు రోజుల్లో గంటకు 5 సెంట్ల పెంపు సాధించుకున్నారు. 1986 సమ్మెలో జీతాల్లేక పచారీ కొట్టు ఖాతా మీద బతికిన వారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆ అయిదు సెంట్ల విలువ మీకు వేరే చెప్పాలా? పెళ్లితో ఒక ఇల్లు బాగుపడుతుంది, సంఘంతో పదిమంది బాగుపడతారు. రెండూ కావాలి.

ఇక మొదట చెప్పిన సంగతికి వస్తాను. మన పత్రికలో పెళ్లి సంబంధాల పుట ఒకటి మొదలుపెడదామని కార్యవర్గం ఆలోచిస్తోంది. మంచి ఆలోచన. మనవలు, మనవరాళ్లు ఎదిగారు. ముక్కూ మొహం తెలియని సంబంధాల కంటే ముప్ఫై ఏళ్లు పక్క సీట్లో కూర్చున్నవాడి ఇల్లు మేలు. అందుకోసం ముద్రించిన నమూనా ఫారం కొందరికి అందింది. అందులో ఒక గడి ఉంది – 'తండ్రి/తాత పదవీ విరమణ నాటి హోదా'.

పోయిన నెల మా ఆఫీసులో దఫేదారుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఆ ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాకంటే రెండేళ్లు పెద్ద. చేతివ్రాత బాగుంటుందని నన్ను నింపమన్నారు. మనవరాలు ఇంజనీరింగు చదివి బ్యాంకులో ఆఫీసరుగా చేస్తోంది. పిల్ల పేరు, చదువు, ఉద్యోగం, పుట్టిన తేదీ రాశాను. ఈ గడి దగ్గరకు వచ్చేసరికి ఆయన "ఇదేమిటి సార్?" అన్నారు. చెప్పాను. కాసేపు ఊరుకున్నారు. తర్వాత "పిల్ల గురించి నాలుగు గళ్లు, మా గురించి ఆరు గళ్లు ఉన్నాయి సార్. పెళ్లి ఎవరికి?" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నారు. ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ తీసుకురాలేదు.

ఈ గడి ఉండాలనే మిత్రుల వాదన నేను విన్నాను. వారు చెడ్డ ఉద్దేశంతో అనడం లేదు. "హోదా అంటే గర్వం కాదు, ఆ ఇంటి అలవాట్లు తెలుస్తాయి, రేపు పిల్లలు సర్దుకుపోగలరా అన్నది తేలుతుంది" అంటున్నారు. మెరిల్ గారు చెప్పింది కూడా సరిగ్గా ఇదే. అందుకే ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పాను. అయితే అలవాట్లు తెలుసుకోవడానికి హోదా ఒక్కటే దారా? ఏ ఊరు, ఎందరు పిల్లలు, ఏం చదివారు, ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారు, ఇవి అడగండి. ఇంటికి వెళ్లండి, భోజనం చేయండి. ఆ పెద్దాయన ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టలేదు, ఒక్క రహస్యం బయట పెట్టలేదు. ఆ ఇంటి అలవాట్లు తెలియాలంటే ఇంతకంటే ఏం కావాలి? అది రాసే గడి ఫారంలో లేదు.

మనం రిటైరైన రోజున శాలువా కప్పి, గంధం పూసి, గేటు దాకా వచ్చి సాగనంపారు. ఆ గేటు దగ్గరే హోదాలు కూడా అప్పగించి వచ్చాం. ఈ సంఘంలో చందా అందరికీ ఒకటే, ఓటు అందరికీ ఒకటే. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మనం బతికి ఉన్నామా లేదా అన్నదే అడుగుతారు గానీ ఏ హోదాలో బతికి ఉన్నామని ఎవరూ అడగరు. ట్రెజరీ వారు అడగని ప్రశ్న మన పిల్లల పెళ్లిలో మనం అడగాలా?

కనుక నా మనవి ఒక్కటే. ఈ మధ్యాహ్నం కార్యవర్గం ముందుకు ఆ ఫారం వస్తోంది. ఆ గడి తీసేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు బలపరచండి. కాదనేవారు లేచి కాదనండి, మీ మాటా నేను శ్రద్ధగా వింటాను. మన మధ్య అభిప్రాయభేదం రావచ్చు గానీ, ఈ విషయం మాట్లాడకుండా దాటవేయడం మాత్రం వద్దు. ఆ సినిమాలో పోస్టుమాన్ తండ్రి నోరు విప్పడానికి చివరి రీలు దాకా ఆగాడు. మనకు అన్ని రీళ్లు మిగిలి లేవు.

ఆ సినిమా చూడాలనుకునే వారికి చిన్న సూచన. 1927 నాటి చిత్రం కనుక 2023 జనవరి 1 నుంచి అమెరికాలో దాని మీద హక్కులు ఎవరికీ లేవు. మనవలకు చెబితే కంప్యూటర్లో వెతికి పెడతారు. ఇంగ్లీషు రాదని ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టడం మానకండి. వాళ్లకు మనకంటే ముందే అర్థమవుతుంది. ఇది నా అనుభవం.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటినట్టున్నాను. కార్యదర్శి గారు రెండుసార్లు గడియారం వైపు చూశారు.